చప్పుడు లేని సముద్రం

ఇక్కడి సముద్రానికి చప్పుడు లేదు. పది అడుగుల అవతల అల వస్తోంది, రాతి మెట్టును తాకుతోంది, తెల్లగా విచ్చుకుంటోంది, వెనక్కి పోతోంది, అంతా అద్దానికి అవతల జరుగుతున్నట్టు. చిన్నప్పుడు ఒకసారి నాయన భుజం మీద కూర్చుని కొత్తపట్నంలో చూసిన సముద్రం పెళ్ళివారి విడిదిలా గోలగోలగా ఉండేది. దేశం మారితే నీళ్ళ స్వభావం కూడా మారుతుంది కాబోలు, ఇది పెద్దమనిషి సముద్రం, పెదవి కదుపుతుంది కానీ మాట బయటికి రానివ్వదు అనుకున్నాను, నిన్న సాయంత్రం బస్సు దిగి దీన్ని మొదటిసారి చూసినప్పుడు. చెన్నకేశవరావు మాత్రం పొద్దున కాఫీ దగ్గర కళ్ళు నులుముకుంటూ, "ఏం హోరు మామా ఇది! రాత్రంతా కన్ను మూతపడలే," అన్నాడు. నేను నవ్వాను. మెత్తటి పరుపుల మీద పెరిగిన పిల్లలు, వాళ్ళ నిద్రకు ఏదో ఒకటి అడ్డం రావాలి. నవ్వాను కానీ ఆ మాట లోపల ఎక్కడో గులకరాయిలా పడింది, ఇప్పటిదాకా దొర్లుతూనే ఉంది.

చర్చి గంట రెండు కొట్టింది. చెప్పులు విప్పి కూర్చున్నాను కాబట్టి అరికాళ్ళకు తెలిసింది, ఒకటి, ఆగి, రెండు. కాళ్ళ కింద ఉన్నది మా ఊరి పలకరాయి. మార్కాపురం పక్క గుంతల్లోంచి లేచి, మా ఫ్యాక్టరీ బల్ల మీద నా వేలి దెబ్బ తిని, గడ్డి మధ్య పెట్టెల్లో పడుకుని, ఓడెక్కి, నాకు పేరు పలకడం రాని ఈ ఇటలీ ఊరికి వచ్చి, నాలుగు వందల ఏళ్ళ చర్చి ముందరి బయల్లో పరుచుకుంది. నేను దాని వెనకాల ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చాను. ఇంత దూరం వచ్చి పరాయి నేల మీద అడుగు పెట్టబోతూ కిందికి చూస్తే మన నేలే ఉండడం కలలో జరిగే సంగతి. ఆకుపచ్చ కలిసిన నలుపు, అక్కడక్కడ తుప్పు రంగు చారలు, వాన పడితే నెమలి మెడలా తిరిగే రంగు. ఈ చారలు నాకు మా వీధిలోని ముఖాల్లా గుర్తు. వాటికి నేను గుర్తున్నానో లేదో.

మూడింటికి వాళ్ళు వస్తారు. ఈ ఊళ్ళో మధ్యాహ్న భోజనమంటే ఊరంతా తలుపులేసుకుని చేసే పని. మునిసిపాలిటీ ఇంజనీరమ్మ చెన్నకేశవరావును తనతో తీసుకుపోయింది, నేను కట్టుకొచ్చిన రొట్టె చాలని ఇక్కడే ఉండిపోయాను. మూడింటికి వచ్చి నా ముఖం చూస్తారు. నేను నాలుగు చోట్ల వంగి, వేలి కణుపుతో తట్టి, తల ఊపాలి. రాయి మంచిదే అనాలి. అంతే పని. పోయిన చలికాలపు వానలకు ఈ బయల్లో కొన్ని పలకలు పొరలు పొరలుగా లేచాయి. చర్చికి వస్తున్న ముసలామె ఒకరు లేచిన అంచు తగిలి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రాయిలో దోషముంటే తప్పు మాది. రాయి మంచిదైతే తప్పు దాన్ని పరిచిన మేస్త్రిది. మా యజమాని వీరభద్రయ్య గారు, మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేక, తమ్ముడి కొడుకు చెన్నకేశవరావును ఇంగ్లీషు కోసం, నన్ను చెవి కోసం పంపారు. "మన రాయి మంచిదే, పరిచినోనికి పని రాదు, ఆ ఒక్క మాట చెప్పిరా. నీ చెవి మీద మార్కాపురంలో ఎవురన్నా మాట అన్నారా మాల్యాద్రీ ఇన్నేండ్లల్లో?" అన్నారు. ఎవరూ అనలేదు. నిజమే. ఎవరూ అనలేదు.

ఆ మేస్త్రి అడుగో, బయలుకు అవతలి చివర, బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. పేరు నికోలా. డెబ్బై దాటి ఉంటాయి. ఈయన తాత ఈ చర్చి మెట్లు పరిచాడట, నాన్న ఓడరేవు గట్టు కట్టాడట. రాయి మంచిదని నేనంటే మునిసిపాలిటీ వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు, ఇక ఆయన్ని ఈ ఊళ్ళో రాయి ముట్టనివ్వరు. చెన్నకేశవరావే చెప్పాడు, చెప్పి "మనకెందుకులే మామా" అన్నాడు. నాకు నిజంగా ఎందుకు. ఆయన తన పడవ నీడలో, నేను నా రాతి బెంచీ మీద, మధ్యన మా ఊరి పలకలు, రెండు కిటికీల మధ్య ఆరేసిన బట్టలు కదులుతున్నాయి, ఒక పిల్లి బయలును అడ్డంగా దాటుతూ మధ్యలో ఆగి, ఎక్కడికి బయల్దేరానా అన్నట్టు ఆలోచించి, అక్కడే పడుకుంది. ఎండకు ఒళ్ళు బరువెక్కుతోంది. ఇది ఎండ కూడా కాదు, మా పుల్లలచెరువు మిట్టల మీద కార్తీకంలో కాసే ఎండకు కూడా చాలదు.

పొద్దున ఈ ఊరంతా తిరిగాను. తిరగడానికి ఎంతో లేదు, ఒక గంట నడిస్తే ఊరు మళ్ళీ మొదటికొస్తుంది. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కొండను పట్టుకున్నాయి, పసుపు, ఇటుక, కాచిన పాల మీగడ రంగులు, సందులన్నీ మెట్లే, మెట్లన్నీ మధ్యలో అరిగి దోసిళ్ళు పట్టినట్టున్నాయి. సముద్రం మీంచి దొంగలు వస్తారని కట్టిన బురుజు ఒకటి ఉంది, దొంగలు మానేసి ఎన్ని తరాలైందో, అది ఇప్పటికీ కళ్ళు మూయలేదు. ఇళ్ళ కప్పులన్నీ నల్ల పలకలు. వెనక కొండలో వీళ్ళకూ పలక గుంతలుండేవట, మూసేశారట, అందుకే మన రాయి తెప్పించారట. చర్చి లోపల నేల మీద ఆ పాత పలకలే, వాటి మీద చెక్కిన పేర్లు, మునిగిపోయిన నావికులవి అన్నాడు చెన్నకేశవరావు, జనం నడిచి నడిచి సగం అక్షరాలు పోయాయి. మునిసిపాలిటీ గదిలో గోడకు ఒక ఫోటో. వందేళ్ళ నాటిది. ఆడవాళ్ళు, వరసగా, కాళ్ళకు చెప్పుల్లేవు, నెత్తిన గుడ్డచుట్ట, చుట్ట మీద పలకల దొంతర, కొండ మీంచి పడవల దగ్గరికి దిగుతున్నారు. మూడో ఆమె ఒక్కటే కెమెరా వైపు చూస్తోంది. నేను ఆ ఫోటో ముందు ఆగిపోయాను. ఆ చూపు నాకు తెలుసు. నా చెయ్యి దేన్నో తప్పుగా గీస్తున్నప్పుడు బల్ల అవతల నుంచి చూసే చూపు అది. "రా మామా, ఏందట్ల నిలబడిపోయినావు," అని చెన్నకేశవరావు మోచెయ్యి పట్టుకుని లాగితే గానీ కదల్లేకపోయాను.

ఫ్యాక్టరీలో నాతో కలిసి రాళ్ళు తట్టిన యల్లమ్మ గురించి ఆలోచించకూడదని విమానంలోనే అనుకున్నాను. మనసుకు ఒక వైపు చూడొద్దని చెబితే మెడ అటే తిరుగుతుంది. సరే, నాయన గురించి ఆలోచిద్దాం. నాయన పేరు గురవయ్య, గుంతలో రాయి చీల్చేవాడు. దేశం నిండా పిల్లలు మా ఊరి పలకల మీద అక్షరాలు దిద్దిన రోజులవి. పలచని ఉలి పొర అంచున పెట్టి ఒక్క దెబ్బ కొడితే రాయి పుస్తకంలా తెరుచుకునేది. నాకు ఏడేళ్ళప్పుడు ఒక పలకను నా చెవి దగ్గర వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి, "రాయి మాట్లాడుద్ది రా, నోరు మూసుకోని విను," అన్నాడు. అది ఖంగుమంది. ఆ ఖంగు సన్నగా సాగి, సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా గాలిలో కలిసిపోయింది. ఇంకోటి తట్టాడు. అది డబ్బుమని తలుపు మూసుకున్నట్టు ఆగిపోయింది. బోలు. లోపల పొరకూ పొరకూ మధ్య కంటికి కనపడని సందు. అందులోకి నీళ్ళు పోతే చాలు, ఎప్పుడో ఒకనాడు విప్పుకుంటుంది. పైకి రెండూ ఒకటే, అదే నలుపు, అదే నునుపు. "కన్ను మోసపోతాది, చెవి పోదు," అనేవాడు నాయన. చెవి పోవచ్చునని ఆయనకు తోచలేదు. ఆయన గుంతలో మిషన్లు లేవు.

ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు. కోత మిషను ఒకటి ఉన్నప్పుడు చేరాను, తొమ్మిది అయ్యాయి. వాటి మధ్యన పక్కగా ఒక గది, గదిలో బల్ల, బల్లకు ఇటు నేను, అటు యల్లమ్మ. పద్ధతి ఒకటే ఉండేది. ప్రతి పలకనూ ముందు యల్లమ్మ తట్టాలి. మంచిదైతే ఊరికే నా వైపు జరపాలి. బోలుదైతే వెనక వైపు ఏటవాలు గీతలు రెండు, ఇంటూ గుర్తు వెయ్యాలి. తర్వాత నేను తట్టాలి. మంచిదైతే వెనక నా గుర్తు, చిన్న కొండ, మూడు గీతలు. నా పేరులో కొండ ఉంది కాబట్టి నాయన నేర్పిన గుర్తు. ఆ కొండ ఉంటే పెట్టెలోకి, లేకపోతే బయట కుప్పలోకి. బలపంతో వేస్తే తడికి పోతుందని ఇద్దరమూ మేకుతో గీసేవాళ్ళం. ఇరవై ఏళ్ళు అలా గీశాం. ఆమె తట్టినప్పుడు తల కొంచెం పక్కకు వంచేది, ఉయ్యాలలో బిడ్డ లేచిందేమోనని వినే తల్లిలా. నేను తట్టినప్పుడు చాలాసార్లు ఆమె ముఖంలోకి చూసేవాణ్ణి. ఎప్పటి నుంచి చూడడం మొదలుపెట్టానో నాకు తెలియదు. తెలియకపోవడాన్ని నేనే ఏర్పాటు చేసుకున్నాను.

చెవి ఒక్కరోజులో పోదు. ముందు పిచ్చుకలు పోయాయి. ఊళ్ళో పిచ్చుకలు తగ్గిపోయాయని అందరితో అన్నాను, సెల్ టవర్ల వల్లనట అని కూడా అన్నాను. తర్వాత కుక్కరు విజిలు పోయింది. రమణమ్మ, నా భార్య, దొడ్లోంచి పరుగెత్తుకొచ్చి, "పొయ్యి ముందరే కూసోని ఉండావు, ఏడు విజిల్లు వచ్చినా దించవేంది! పప్పు మాడి మసైపోయింది," అని కేకలేస్తే, "నేను ధ్యానంలో ఉండా," అన్నాను. ఆ రాత్రి అన్నంలో పెరుగే. తర్వాత ఆడపిల్లల మాటల్లో చివర్లు పోయాయి. పెదవులు చూసి పూరించుకున్నాను. ఇదంతా నాకు తెలుసా అంటే తెలుసు, తెలియదా అంటే తెలియదు. మనిషి లోపల రెండు గదులుంటాయి, ఒక గదిలో తెలిసిన సంగతి ఇంకో గదిలోకి రాకుండా గడప మీద ఎవరో కూర్చుని ఉంటారు, ఆ కూర్చున్నవాడి ముఖం మన ముఖమే. చివరికి పలక ఖంగు పోయింది. తట్టితే మంచిదీ డబ్బే, బోలుదీ డబ్బే. ఒక పొద్దున కొత్త గుంత రాయి బల్ల మీదికి వచ్చింది. ఒకటి తట్టాను. డబ్. రెండు. డబ్. చెమట పట్టింది. తల ఎత్తితే యల్లమ్మ నన్నే చూస్తోంది. నేను తల ఊపి కొండ గీశాను.

నికోలా లేచాడు. చంకలో ఒకటి, చేతిలో ఒకటి, రెండు పలకలు పట్టుకుని బయలు దాటి నా వైపు వస్తున్నాడు. పిల్లి చుట్టూ తిరిగి వచ్చాడు, దాన్ని లేపలేదు. పలకల్ని నా పక్కన బెంచీ మీద బోర్లా పెట్టి, జేబులోంచి నారింజ తీసి, ఒలిచి, సగం నాకిచ్చి, తన సగం తింటూ ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదని ఆయనకు తెలుసు, అయినా చివరిదాకా అన్నాడు. అది బాగుంది. తర్వాత వేలు పెట్టి చూపించాడు. మొదటి పలక వెనక నా కొండ. గీతల్లో సున్నం నిండి తెల్లగా, నేను గీసిననాటి కన్నా స్పష్టంగా ఉంది. ఆయన తల ఊపి, ఆ పలకను వాత్సల్యంగా తట్టాడు, ఇది మంచిది అన్నట్టు. రెండో పలక సగం మందమే ఉంది, పైపొరలు ఊడిపోయాయి. దాని వెనకా కొండే. కానీ ఈ కొండకు శిఖరం మీంచి రెండు గీతలు పైకి లేచి ఉన్నాయి. ఆయన రెండు వేళ్ళు తన నుదుటి మీద పెట్టుకుని, కనుబొమలు ఎగరేసి, నవ్వాడు. కొమ్ములు. ఈ కొండకు కొమ్ములెందుకున్నాయి?

నారింజ తొన నోట్లోనే ఉండిపోయింది. చెయ్యి పట్టుకుని పడవ వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ గోడకు వరసగా ఆనించి ఉన్నాయి, లేచిపోయినవి, గడ్డపారతో పెరికినవి, నలభై దాకా. అన్నీ వీపు ఇటు తిప్పి పెట్టాడు. అన్నింటికీ కొమ్ములే. ఒక్కటంటే ఒక్కటి కూడా మామూలు కొండ లేదు. ముసలాయన ఈ చలికాలమంతా వీటి ముందు కూర్చుని చూసి ఉంటాడు, నా భాష తెలియకుండానే నా అబద్ధాన్ని చదివి ఉంటాడు, అర్థం ఒక్కటే అందలేదు. అది తెలిసినవాడు ప్రపంచం మొత్తానికి నేనొక్కణ్ణే. ఇంటూ గుర్తు కింద కాళ్ళను కలుపుతూ ఒక్క అడ్డగీత గీస్తే కింది సగం కొండ అవుతుంది. పై సగం కొమ్ములుగా మిగులుతుంది. పెట్టెలు కట్టేవాళ్ళు కొండ ఉందా లేదా అనే చూస్తారు, కొమ్ముల్ని లెక్కపెట్టరు. ఒక్క గీత. యల్లమ్మ కాదన్న రాయిని అవునన్నానంటే చాలదు. ఆమె కాదు అనే మాటతోనే నా అవును తయారు చేసుకున్నాను.

ఎందుకు చేశాను. ఆ రోజుల్లో ఆమె ఇంటూలు ఎక్కువైనాయి. కొత్త గుంత రాయి అది, పై పొరలు ఎండకూ వానకూ నానినవి, పదింటికి మూడు బోలు. ఆమె కొట్టేసిన ప్రతి రాయీ నా ముఖం మీద కొట్టేసినట్టుండేది. నాకు వినపడనిది ఆమెకు వినపడుతోందని ఒప్పుకోవడం కన్నా, లేనిది ఆమెకు వినపడుతోందని అనుకోవడం సుఖం. ఆ సుఖం రోజూ కొంచెం కొంచెం తిన్నాను, కొన్నింటి కింద గీత గీశాను, మిగిలినవి కుప్పలోకి పోయాయి. ఒకనాడు వీరభద్రయ్య గారు బల్ల దగ్గరికొచ్చి, "ఏంది ఇన్ని పోతాండాయి?" అని అడిగితే నోరు దానంతటదే తెరుచుకుంది. "యల్లమ్మకు చెవులు మందగించినాయయ్యా. మంచిదాన్నీ బోలంటాంది," అన్నాను. ఆ మాట నా గొంతులోంచి వస్తుంటే నేనే ఆశ్చర్యంగా విన్నాను. ఎంత సులువుగా, ఎంత జాలిగా అన్నాను! నా రోగాన్ని ఆమెకు తొడిగేశాను, చలికి శాలువా కప్పినట్టు.  యల్లమ్మ మేకును బల్ల మీద పెట్టి లేచింది. ఆ మర్నాటి నుంచి పెట్టెల్లో గడ్డి కుక్కే పనికి పోయింది. సాయంత్రాలు గేటు దగ్గర కనపడితే ఒంటి నిండా గడ్డి పరకలు, "అన్నా, తిన్నావా?" అనేది, ఎప్పటిలాగే. నేను పెదవులు చదివి ఊఁ అనేవాణ్ణి.

బెంచీ దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే ఈ ఊరూ ఆ ఊరూ ఒకదాని మీద ఒకటి పలకల్లా సర్దుకున్నాయి, మధ్యన సందు లేకుండా. ఫోటోలో ఆడవాళ్ళు మా గుంత గట్టు మీంచి దిగుతున్నారు, మూడో ఆమె గడ్డి పరకలు దులుపుకుంటోంది, నాయన బురుజు మీద నిలబడి ఉలి అంచును చూస్తున్నాడు, మునిగిపోయినవాళ్ళ పేర్లు చర్చి నేల మీంచి ఒక్కో అక్షరం లేచి సముద్రం వైపు నడుస్తున్నాయి, వాటి అడుగులకు కూడా చప్పుడు లేదు. దేనికీ చప్పుడు లేదు. నేనిక్కడ కూర్చుని తల ఊపుతున్నాను. ఊపుతూనే ఉన్నాను. ఎవరో కుడి భుజాన్ని ముట్టుకుంటే ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

నికోలా. నా వెనక, కుడి వైపు, తాపీ పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. తాపీ పిడితో నా వెనకాల పలక మీద కొడుతున్నాడు. ఎంతసేపటి నుంచి కొడుతున్నాడో. నేను చూస్తుండగా ఇంకొకసారి కొట్టాడు, నా ముఖం చూశాడు, తన చెవిని ముట్టుకున్నాడు, నా చెవి వైపు వేలు చూపించాడు. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. రాళ్ళ మధ్య బతికినవాడికి ఇంకో రాళ్ళవాడి చెవి సంగతి కనిపెట్టడానికి భాష అక్కర్లేదు కాబోలు. మార్కాపురంలో ఎవరూ అనని మాట. ఆయన కూడా అనలేదు, ముట్టుకున్నాడంతే. నా ప్రాణం ఒక్కసారిగా తేలికైంది, ఏడుపు వచ్చేంత తేలిక. తల ఊపాను. ఈ ఊరికి వచ్చాక నేను ఊపిన మొదటి నిజమైన తల.

అరికాళ్ళలో గంట కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

సందులోంచి వాళ్ళు దిగి వస్తున్నారు, ఇంజనీరమ్మ చంకలో కాగితాల అట్ట, చెన్నకేశవరావు భోజనపు మత్తులో నవ్వుతూ. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. "ఊఁ మామా, చూసినావా? మంచిదేగా?" అన్నాడు, జవాబు ముందే తెలిసిన గొంతుతో.

"అల్లుడూ, మన ఫ్యాక్టరీ పనోళ్ళ వాట్సాప్ గ్రూపులో యల్లమ్మ కోడలి నంబరు ఉంటాది. కలుపు. అక్కడ ఇప్పుడు ఏడున్నరే అయ్యుంటాది."

"యల్లమ్మా? గడ్డి కుక్కే యల్లమ్మనా? ఇప్పుడు ఆమెతో ఏం పని?"

"కలపమంటుండా కదా."

"మామా, పెదనాయన నన్ను చంపుతాడు. తల ఊపేసి పోదాం పా."

"పెదనాయనకు నేను చెప్తాలే. నా చెవి సంగతి నేను చెప్పుకోకపోతే ఎవురు చెప్తారు?"

వాడు నా ముఖం చూశాడు. ఏం కనపడిందో, నంబరు వెతికి కలిపాడు. స్పీకరు పెట్టించాను. చివర్లు లేని కోడలి మాట, టీవీ గోల, తర్వాత ఆమె. మిషన్ల మధ్య పెంచుకున్న గొంతు ఆమెది, నా ఎడమ చెవికి ఇంకా అందుతుంది.

"అన్నా! దేశం గాని దేశం పోయినావంట, అన్నం దొరుకుతాందా?"

"దొరుకుతాంది. యల్లమ్మా, చెవి పోయింది నీకు కాదు. నాకు."

అవతల ఏమీ వినపడలేదు. ఫోను తెగిందో, నా చెవి తెగిందో తెలియలేదు. చెన్నకేశవరావు నోరు తెరుచుకుని ఉన్నాడు. "ఉండావా అమ్మా?" అన్నాను.

"ఉండా. నాకు తెలుసులే అన్నా. ఇరవై ఏండ్లు ఎదురుగా కూసున్నదాన్ని. నువ్వు నా మొగం చూసి తల ఊపేటోడివి, రాయిని విని కాదు."

"మరి ఎవురికీ చెప్పలేదేం?"

"చెప్పినా గదా. ఒక్కో రాయి మీద మేకుతో చెప్పినా. నువ్వు దాని కింద గీత గీసినావు." రెండుసార్లు దగ్గింది. "గడ్డి దుమ్ముకు దగ్గు పట్టుకుంది నాకు. అది మాత్రం నీదే, చెప్తుండా."

"నాదే. వచ్చినంక నిన్ను బల్ల దగ్గరికి నేనే పిలుచుకపోతా. నేను లేస్తా అక్కడినుంచి."

"ఆ సంగతి వచ్చినప్పుడు. ఇప్పుడు ఏంది, రాళ్ళు లేచిపోయినాయా?"

"నలభై లేచినాయి. ఇంకా ఎన్ని లేస్తాయో తెలీదు, గుర్తులు నేల కింద పడిపోయినాయి. ఒక ముసలామె చెయ్యి విరిగింది. మేస్త్రి తప్పు అంటుండారు. తప్పు ఆయనది కాదు."

"అయితే మాటలెందుకు, తట్టు. పరిచిన రాయి ఖంగుమనదు, కానీ బోలుది బోలే. ఫోను దగ్గరగా పెట్టు. కూరలో ఉప్పెయ్యాల ఇంకా."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫోను పలకకు ఆనించి తట్టాను. నాకు డబ్. "మంచిది," అంది యల్లమ్మ. పక్కది. "మంచిది." పక్కది. "మంచిది. మెల్లగా, అంత తొందరేంది." నాలుగోది తట్టగానే, "ఇది కాదు," అంది. జేబులో ఎప్పుడూ ఉండే బలపం తీసి పలక ముఖం మీదనే, అందరికీ కనపడేట్టు, ఇంటూ వేశాను. కింద గీత గీయలేదు. నికోలా వంగి, ఆ గుర్తును చూసి, గోడవైపు చూసి, మళ్ళీ గుర్తును చూశాడు. కొమ్ముల అర్థం ఆయన ముఖంలో మెల్లగా తెల్లవారింది. నా చేతిలోంచి బలపం తీసుకున్నాడు. ఇక నేను తట్టడం, ఆమె చెప్పడం, ఆమె గొంతును బట్టే ఆయన గీయడం. చెన్నకేశవరావు గొంతు తగ్గించి ఇంజనీరమ్మకు అంతా చెబుతున్నాడు, అట్ట మీద ఆమె పెన్ను ముందు ఆగింది, తర్వాత కదిలింది. బయలులో జనం చేరారు.  మార్కాపురంలో వంటింట్లో కూర్చున్న యల్లమ్మ ఈ ఊరి నేలనంతా వింటోంది.

గట్టు దాకా వచ్చేశాం. చివరి వరస.

"అన్నా, ఆగు," అంది. "తట్టినావా ఇప్పుడు?"

"ఇంకా లేదు."

"మరి ఆ చప్పుడేంది? ఎవురన్నా బియ్యం చెరుగుతుండారా ఆడ?"

"యాడ?"

"నీ వెనకాలే ఉండాది."

తిరిగి చూశాను. అల వచ్చి మెట్టు మీద తెల్లగా విచ్చుకుంది.

"సముద్రమమ్మా."

"అదా!" అంది.  "నేను సముద్రం యాడ చూసినా. కొత్తపట్నం పోదాం పోదాం అని పోనేలేదు. చెరిగినట్టే ఉండాదన్నా. చెరిగి, ఆపి, రాళ్ళేరి, మళ్ళ చెరుగుతాంది. నీకు వినపడలేదా?"

"లేదు."

"అయితే ఆ ఫోను అట్లనే పట్టుకో. నేను చెప్తా."

ఫోనును నీళ్ళ వైపు చాపి పట్టుకున్నాను. అల లేచింది, విరిగింది, ఒక్క క్షణం తర్వాత, అంత దూరం పోయి రావాలి కదా, "ఇదిగో, వచ్చింది," అంది యల్లమ్మ.